పిట్టగోడ లేని మిద్దె: అంటువ్యాధి కాలములో బహిరంగ సభలు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లేవీయకాండము 13:1-6, మత్తయి 4:5-7, మార్కు 6:34-44.



ధర్మశాస్త్రములో ఇల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. అతడు తన మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టింపవలెను. గోడ లేనందున ఎవడైనను పడి చచ్చినయెడల ఆ దోషము ఇంటి యజమానునిదే. మిద్దె ఎక్కవద్దని దేవుడు చెప్పలేదు. రాహాబు జనుపకట్టె పరచినది మిద్దెమీదనే. పేతురు యొప్పేలో ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. మిద్దెయు కావలెను, గోడయు కావలెను. పడినవాడే జాగ్రత్తగా ఉండవలసినదని చెప్పి యజమానుడు తప్పించుకొనుటకు ఈ ఆజ్ఞ చోటియ్యదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. దానివలని అత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5న ప్రకటించినది. అట్టి వ్యాధి మరియొకటి రాదని ఎవరును చెప్పజాలరు. కావున నెమ్మదిగానున్న ఈ దినములలోనే మనము ఒక ప్రశ్న ఆలోచించుట మంచిది. అంటువ్యాధి వ్యాపించియున్న కాలములో వేలకొలది జనులు ఆరుబయట కూడుకొనవచ్చునా? సువార్త మహాసభయైనను, తిరునాళ్లయైనను, ఎన్నికల సభయైనను, ఆటల పోటీయైనను ప్రశ్న ఒక్కటే.

1. ఆరుబయట మేలు కలదా?

కలదు. కోవిడ్ వంటి వ్యాధి ముఖ్యముగా ఊపిరి ద్వారా అంటుకొనును. మనము మాటలాడునప్పుడును, పాడునప్పుడును, దగ్గునప్పుడును కంటికి కనబడని తుంపరలు వెలువడును. కిటికీలు మూసిన వంటింటిలో పొగ నిలిచియున్నట్లు అవి మూసిన గదిలో నిలిచియుండును. బయట గాలి వాటిని చెదరగొట్టును.

2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో, స్కాజిట్ ప్రాంతపు గాయక బృందమొకటి ఒక హాలులో రెండున్నర గంటలు పాటలు అభ్యసించినది. వచ్చినవారు 61 మంది. వారిలో 53 మంది జబ్బుపడిరి, ఇద్దరు మరణించిరి. అనేక పరిశోధనలను కలిపి చూచి 2021లో ప్రకటించిన ఒక సమీక్షలో, తెలిసివచ్చిన అంటుకొనుటలలో పదింట ఒక వంతుకంటె తక్కువయే బయట జరిగినట్లు కనబడినది.

అయితే అన్ని వ్యాధులును ఒకే త్రోవను రావు. కలరా నీటివలనను ఆహారమువలనను వచ్చును. 1867లో హరిద్వారపు మేళా ఆకాశము క్రిందనే, నది యొడ్డుననే జరిగినది. అయినను కలరా యాత్రికులతో కూడ వారి ఊళ్లకు వెళ్లెను. కాబట్టి మొదట అడుగవలసినది, ఈ వ్యాధి ఏ త్రోవను వచ్చును అనునదే.

2. ఆరుబయట మాత్రమే చాలునా?

చాలదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలిన కాలమున, సెప్టెంబరు 28న అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో యుద్ధ ఋణపత్రముల కొరకు గొప్ప ఊరేగింపు జరిగెను. వ్యాధి అప్పటికే పట్టణములో ఉండెను. ఊరేగింపును ఆపుమని వైద్యులు హెచ్చరించిరి. పట్టణ ఆరోగ్యాధికారి విల్మర్ క్రూసెన్ ఆపలేదు. సుమారు 2,00,000 మంది వీధులలో భుజము భుజము ఆనించి నిలిచిరి. మూడు దినములలో ఆస్పత్రులలో మంచములు నిండిపోయెను. అక్టోబరు 3న పాఠశాలలు, మందిరములు, నాటకశాలలు మూయించిరి. సెయింట్ లూయిస్ పట్టణములో ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లోఫ్ తొలి రోగులు కనబడిన కొద్ది దినములకే అక్టోబరు 7న కూడికలను ఆపించెను. అత్యంత కఠినమైన వారములో ఫిలడెల్ఫియాలో లక్షకు 257 మంది అదనముగా మరణించగా, సెయింట్ లూయిస్‌లో లక్షకు 31 మంది మరణించిరి. ఈ భేదమంతయు ఒక్క ఊరేగింపువలననే కలిగినదని చెప్పరాదు. అయితే ఆలస్యమునకు ఎంత వెల చెల్లవలసివచ్చునో ఇందులో కనబడుచున్నది.

మన కాలములోని సాక్ష్యమును చూడుడి. 2021 జూలైలో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పట్టణమున రెండు దినముల సంగీతోత్సవము ఆరుబయట జరిగెను. సుమారు 20,000 మంది వచ్చిరి. టీకా పత్రమైనను, పరీక్షా పత్రమైనను చూపనిదే ద్వారము దాటనియ్యలేదు. అయినను సుమారు 1,000 మందికి వ్యాధి సోకినది. కారణమేమనగా, 40 గంటల పూర్వము చేయించుకొన్న పరీక్షయు అక్కడ చెల్లెను. ఆ 40 గంటలలో మనిషి ఎక్కడెక్కడ తిరిగియుండునో! ఆ గోడలో అంత పెద్ద సందు విడువబడెను.

3. గోడ దేనితో కట్టవలెను?

అయిదువేలమందిని పోషించిన దినమున మన ప్రభువు జనసమూహమును తోసికొనుచు రానియ్యలేదు. పచ్చిక మీద నూరేసిమందిగాను ఏబదేసిమందిగాను పంక్తులు తీర్చి కూర్చుండబెట్టించెను. ఆ దినమున అక్కడ వ్యాధి ప్రసక్తి లేదు. కాని ఆరుబయట జనసమూహమును క్రమపరచుట ఆత్మసంబంధమైన పనికి తక్కువ పని కాదని దీనినుండి నేర్చుకొందము.

సభ నడిపించువారు ఈ సంగతులు చూడవలెను. మొదటిది, స్థలము. మనిషికిని మనిషికిని, కుటుంబమునకును కుటుంబమునకును ఎడముండవలెను. స్థలమునుబట్టి సంఖ్యను నిర్ణయింపవలెనే గాని, వచ్చినవారినందరిని స్థలములో ఇరికింపరాదు. రెండవది, పందిరి. నాలుగు ప్రక్కల కనాతులు కట్టినయెడల అది ఆరుబయలు కాదు, గుడ్డతో కట్టిన గదియే. మూడవది, ప్రయాణము. మైదానములో గాలి ఆడినను, కిటికీలు మూసిన బస్సులో నాలుగు గంటలు కిక్కిరిసి వచ్చినచో ఆ మేలు పోవును. నాలుగవది, భోజనము, పడక. పంక్తి భోజనములకు తోసికొనుటయు, ఒకే హాలులో రాత్రి వరుసగా పండుకొనుటయు మానవలెను. త్రాగునీరును మరుగుదొడ్లును శుభ్రముగా ఉండవలెను. అయిదవది, జబ్బుపడినవాడు సిగ్గులేకుండ ఇంట నిలిచిపోవునట్లు చేయవలెను. వంటవానికిని పందిరి కూలివానికిని జ్వరము వచ్చిన దినమునకు కూలి ఇయ్యనియెడల వారు జ్వరముతోనే పనికి వత్తురు.

లేవీయకాండములో, చర్మముమీద మచ్చ కనబడినవానిని యాజకుడు ఏడు దినములు వేరుగా ఉంచి మరల చూడవలెనని యున్నది. చూచుట, వేచియుండుట, మరల చూచుట యాజకుని పరిచర్యలో భాగమే. సంఘపెద్దలు దీనిని మరువరాదు.

4. గోడ కట్టలేనప్పుడు?

అప్పుడు మిద్దె ఎక్కరాదు. ఊరిలో వ్యాధి పెరుగుచున్నప్పుడును, ఆస్పత్రులలో మంచములు లేనప్పుడును, సభను వాయిదా వేయుటయో మిక్కిలి తగ్గించుటయో తగును. అంతకుముందు ఏటేట సుమారు ఇరువది లక్షలమంది చేరుచుండిన మక్కా యాత్రకు 2020లో సుమారు 1,000 మందినే అనుమతించిరి. కేరళలో పంపానది ఇసుకమీద 1895 నుండి జరుగుచున్న మారామన్ మహాసభను 2021లో కొద్దిమందితోనే జరిపిరి. వాక్యము ఆగిపోలేదు, గుంపు మాత్రమే తగ్గినది.

ఇతరులను వ్రేలు పెట్టి చూపుటకు ముందు మనవారిని జ్ఞాపకము చేసికొందము. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణమున వేలాదిమంది క్రైస్తవులు ఒక వారము ఉపవాస ప్రార్థనలకు మందిరములో కూడుకొనిరి. వ్యాధి తమ మధ్యనున్నట్లు వారెరుగరు. వారు ఇండ్లకు తిరిగిపోగా దేశములోని అనేక ప్రాంతములకు వ్యాధియు వారితో వెళ్లెను. తెలియక జరిగినదానికి వారిని నిందింపము. తెలిసియు చేసినచో మనకు ఆ సాకు ఉండదు.

5. విశ్వాసమున్నవాడు భయపడునా?

కొందరు ఇట్లందురు: దేవుడు కాపాడును, గోడ ఎందుకు? దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, క్రిందికి దుముకుమని శోధకుడు ప్రభువును అడిగినప్పుడు వాడును లేఖనమునే చూపెను. ప్రభువు దుముకలేదు. ఆయనకు విశ్వాసము తక్కువయై కాదు. తండ్రిని పరీక్షించుట విశ్వాసము కాదు గనుక.

మిద్దెమీదనుండి పడువాడు తన యెముకలే విరుగగొట్టుకొనును. అంటువ్యాధి తెచ్చుకొన్నవాడు ఇంటిలో మంచముమీదనున్న అవ్వమీద పడును. ఆమె సభకు రాలేదు, పాట వినలేదు, ఎవరును ఆమెను అడుగలేదు. సభ జరుపవలెనా వద్దా అని కమిటీ కూర్చున్నప్పుడు ఆమె పక్షమున ఒకరు మాటలాడవలెను. ఆమెకు కీడు కలుగకుండ కూడుకొనగలిగినయెడల సంతోషముగా కూడుకొందము. లేనియెడల ఆమె నిమిత్తము ఆ యేడు ఆగుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పిట్టగోడ ఆజ్ఞలో బాధ్యత ఎవరిమీద మోపబడినది? మన సభలకు ఆ యజమానులెవరు?
2. మన సంఘపు బహిరంగ సభలో మిక్కిలి ఇరుకైన స్థలమేది: మైదానమా, బస్సా, భోజనశాలయా?
3. జబ్బుపడిన పనివానికి కూలి ఇచ్చుటకు మన సంఘములో ఏర్పాటు కలదా?