పిల్లల నడకనుబట్టి

కుటుంబ పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:12–14, ద్వితీయోపదేశకాండము 6:6–9, 2 తిమోతి 1:5.

వేసవి సెలవులు ముగిసినవి. అమ్మమ్మగారి యూరికి వెళ్లిన పిల్లలు ఇల్లు చేరుచున్నారు. మామిడితోటలు, తాటిముంజలు, వెన్నెలలో ఆటలు అనుభవించి వచ్చిన పసివారిని మరల పుస్తకము నొద్ద కూర్చుండబెట్టుట ఎట్లు? బడి చదువు పంతులుగారు చూచుకొందురు. ఉదయ ప్రార్థన, వాక్యపఠనము, దీపాలు పెట్టిన వేళ చదువు, ఈ ఇంటి పాఠము మాత్రము తలిదండ్రుల చేతిలోనే యున్నది. సెలవులలో మొదట జారిపోవునదియు, అందరికంటె ఆలస్యముగా తిరిగి వచ్చునదియు ఇదియే.

సెలవు తప్పు కాదు. అలసిన శిష్యులను మన ప్రభువే విశ్రాంతికి పిలిచెను (మార్కు 6:31). కాబట్టి ఆడుకొని వచ్చిన బిడ్డను నేరస్థునివలె చూడకుందము.

1. యాకోబు నడక

ఇరువది యేండ్లు పరదేశమున నుండి యాకోబు స్వదేశమునకు తిరిగి వచ్చుచుండెను. ఏశావు ఎదురుపడి, కలిసి వెళ్లుదమనెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి యున్నవి, ఒక్కదినము వడిగా తోలినను మంద బ్రదుకదని అతడెరుగును. గొఱ్ఱెలు కాచిన వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. అయితే యాకోబు దారిలో చతికిలబడలేదు. మెల్లగా నడచెను గాని నడక మానలేదు.

మనము రెండు విధములుగా తప్పిపోవుచున్నాము. కొందరము మొదటి దినముననే బిడ్డను గంటలకొలది కూర్చుండబెట్టి బెత్తము చూపుదుము. కొందరము "పోనీలే, వచ్చే వారము చూతము" అనుచు పంటకాలము వరకు గడుపుదుము. మొదటిది మందను వడిగా తోలుట. రెండవది మందను దారిలో విడిచిపెట్టుట.

2. ఎప్వర్త్ తల్లి

ఇంగ్లాండు దేశమున లింకన్‌షైర్‌లోని ఎప్వర్త్‌లో సుసన్నా వెస్లీ అను తల్లి తన పిల్లలకు ఇంటనే చదువు చెప్పెను. ఉదయము 9 మొదలు 12 వరకు, మధ్యాహ్నము 2 మొదలు 5 వరకు ఆ యింట పాఠశాల జరిగెడిది. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ యిల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను కిటికీగుండా బయటికి తీసి రక్షించిరి. ఇల్లు మరల కట్టబడువరకు పిల్లలు వేర్వేరు కుటుంబములలో ఉండవలసివచ్చెను. ఆ కాలములో వారు తమ మంచి అలవాట్లు మరచిరి. మోటు మాటలు నేర్చిరి. విశ్రాంతిదినము నెడల శ్రద్ధ తగ్గెను. వాటిని దిద్దుటకు కొంత కష్టమైనదని ఆమెయే 1732లో జాన్‌కు వ్రాసిన ఉత్తరములో తెలిపెను.

అప్పుడామె చేసినదేమి? పాఠము మొదలుపెట్టునప్పుడును ముగించునప్పుడును కీర్తన పాడు వాడుకను ప్రారంభించెను. సాయంకాలము అయిదు గంటలకు పెద్దబిడ్డ మాటలు వచ్చిన చిన్నబిడ్డను, రెండవ బిడ్డ తరువాతి వానిని తీసికొని వాక్యము చదివి వినిపించు నియమము పెట్టెను. కొంతకాలమునకు ప్రతి సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ప్రత్యేకముగా మాటలాడుటకును పూనుకొనెను. గురువారము జాన్‌ది, శనివారము చార్లెస్‌ది. లోకమెరిగిన ఆ యిద్దరు సేవకులు ఈ చిన్న నియమముల నీడను పెరిగిరి.

ఆమె శిక్షణలో బెత్తమును ఉండెను. దానిని మనము అనుసరింప నక్కరలేదు. అయితే ఆమె నియమములలో రెండు మన గుండెలలో వ్రాసికొనదగినవి. బిడ్డ సంతోషపెట్టవలెనని చేసిన పని సరిగా కుదరకపోయినను, ఆ మనస్సును మెచ్చుకొని, మేలుగా చేయు విధము మృదువుగా చూపవలెను. రెండవది, ఆడపిల్ల చక్కగా చదువ నేర్చువరకు ఆమెకు ఇంటిపని నేర్పరాదు.

3. మన యిండ్లలో

మొదటి వారము వేళను మాత్రమే నిలువబెట్టుదము. సెలవులలో ఆలస్యముగా నిద్రించిన బిడ్డను దినమునకు పావుగంట చొప్పున ముందుగా పండుకొనబెట్టుదము. ఒక పాట, ఒక చిన్న వాక్యభాగము, ఒక ప్రార్థన. పది నిమిషములు చాలును. రెండవ వారము పాత పాఠమును తిరుగవేయింతము. బిడ్డ తనకు వచ్చినదానిని చదివి ధైర్యము తెచ్చుకొనును. మూడవ వారమునుండి క్రొత్త పాఠము. మరచినదానిని ఎన్నిమారులు చెప్పవలసివచ్చినను విసుగకుందము.

"మాకు చదువు రాదు, మేమేమి నేర్పగలము?" అని కొందరు తల్లులు అడుగుదురు. అమ్మా, పెద్దబిడ్డ చదువగా ప్రక్కన కూర్చుండి వినుడి. ఏమి చదివితివని అడుగుడి. మీరు కూర్చున్న చోటు బిడ్డకు ప్రార్థనాస్థలమగును. లోయి, యునీకేల విశ్వాసము ఇంటనే తిమోతికి అందెను.

ఇంకొక మాట. తొలకరి పడగానే పొలము పిలుచును. ఆ వేళ తమ్ముని ఎత్తుకొనుటకో, కలుపు తీయుటకో ఇంట నిలిచిపోవునది తరచుగా ఆడపిల్లయే. "నాట్లు అయిన తరువాత పంపెదము" అన్న మాటతో ఎందరో బాలికల చదువు ముగిసిపోయినది. ఒక నెల కూలి తిరిగి సంపాదింపవచ్చును. బిడ్డకు పోయిన సంవత్సరమును తిరిగి ఇయ్యలేము. సంఘపెద్దలు ఈ నెలలో ఇల్లిల్లు దర్శించి, ఏ బిడ్డ బడికి తిరిగి వెళ్లలేదో విచారింతురు గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింట పిల్లలను వడిగా తోలుచున్నామా, దారిలో విడిచిపెట్టుచున్నామా?

2. కుటుంబ ప్రార్థనకు ఏ వేళ అందరును ఇంట నుందురు?

3. ఈ వారము ఏ బిడ్డతో ఏ దినమున ప్రత్యేకముగా మాటలాడుదుము?

పసివారిని ఎత్తుకొని ఆశీర్వదించిన ప్రభువు, వారితో కూడ మెల్లగా నడచు ఓర్పును, నడక మానని నమ్మకత్వమును మనకు దయచేయును గాక. ఆమేన్.