కాళ్ళలో తిమ్మిరి, నడకలో తూలు: బి12 విటమిన్ లోపం



రోజంతా ఎండలో నిలబడి పని చేసేవారికి కాళ్ళు లాగడం మామూలే. కానీ రెండు పాదాలూ తిమ్మిరెక్కి వారాల తరబడి తగ్గకపోతే, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోతే, దాన్ని అలసట అనుకోకండి. చీకట్లో బాత్‌రూమ్‌కు వెళ్తూ తూలడం, ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూయగానే పడబోవడం ఇంకా ముఖ్యమైన గుర్తులు. కాలు ఎక్కడ పడుతోందో మెదడుకు తెలిపే నరాలు వెన్నుపాము వెనుక భాగం గుండా వెళ్తాయి. అవి దెబ్బతింటే మనిషి కళ్ళతో చూసుకుని నడుస్తాడు, కళ్ళు మూస్తే ఆ ఆసరా పోతుంది. స్కాఫోల్డింగ్ మీద పని చేసేవారు ఈ సంగతి దాచకూడదు. సూపర్‌వైజర్‌కు చెప్పి కింద పని అడగండి.

ఇలా కావడానికి ఒక కారణం బి12 లోపం. ఈ విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులో ఉంటుంది. అన్నం, పప్పు, కూరగాయల్లో ఉండదు. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్ళు వస్తుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. నాలుగు రియాళ్ళు మిగులుతాయని ఏళ్ళ తరబడి చారన్నం, పచ్చడి, కుబ్బూస్‌తో సరిపెట్టుకునేవారు గమనించాలి. బఖాలాలో దొరికే లబన్, గుడ్లు ఖరీదైన తిండేమీ కాదు. మాంసం తినేవారికీ ఈ లోపం రావచ్చు, కొందరి ఒంటికి ఈ విటమిన్ పట్టదు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఒమెప్రజోల్ చాలాకాలం వాడేవారిలోనూ కనిపిస్తుంది. అలాగని షుగరు మాత్ర మీరే ఆపేయకండి. తిమ్మిరి సంగతి డాక్టరుకు చెప్పి, బి12 రక్తపరీక్ష అడగండి.

డాక్టరు ఎం.ఆర్.ఐ. స్కాన్ కూడా రాయవచ్చు. ఈ జబ్బులో వెన్నుపాము వెనుక భాగం స్కాన్‌లో తెల్లగా కనబడుతుంది. అడ్డకోత చిత్రంలో ఆ తెలుపు తలకిందులైన ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. కొందరికి స్కాన్ మామూలుగానే వస్తుంది, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవారు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే స్కాన్‌కు ముందే తప్పక చెప్పాలి. ఆ అయస్కాంతం కంటికి హాని చేయగలదు.

‘వెన్నుపాము’ అనగానే ఆపరేషన్ అనుకుని భయపడేవారున్నారు. బి12 లోపానికి ఆపరేషన్ ఉండదు, ఇంజెక్షన్లే మందు. త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. నెలల తరబడి ఆలస్యం చేస్తే కొంత నష్టం అలాగే మిగిలిపోవచ్చు.

రూములో ఎవరో ఇచ్చిన బలం మాత్రలతో కాలం గడపకండి. వాటిలో ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఉంటే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే సంస్థ బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది ఈ ఫోలిక్ యాసిడ్‌నే. గొప్ప మందే, కానీ బి12 చేసే పని అది చేయలేదు.

ప్రైవేటు కంపెనీ కార్మికులకు ఆరోగ్య బీమా చేయించాల్సింది యజమానే. స్కాన్‌కు సాధారణంగా బీమా కంపెనీ అప్రూవల్ కావాలి, అది ఆసుపత్రివారే అడుగుతారు. 2005 సౌదీ కార్మిక చట్టం ప్రకారం డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో 30 రోజులు పూర్తి జీతంతో, తర్వాత 60 రోజులు ముప్పావు జీతంతో, ఆపైన 30 రోజులు జీతం లేకుండా సెలవు ఉంటుంది. ఆ సెలవు పూర్తి కాకముందే జబ్బు కారణంగా పనిలోంచి తీసేయకూడదు. ఇళ్ళలో పని చేసేవారికి, ఇంటి డ్రైవర్లకు నిబంధనలు వేరు, వారు ఎంబసీలో అడిగి తెలుసుకోవాలి.

ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయినా, మూత్రం ఆగిపోయినా లేక అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగకుండా 997కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. మామూలు సలహాకు ఆరోగ్యశాఖ నంబరు 937. రక్తపరీక్ష, స్కాన్ రిపోర్టుల కాపీలు ఇఖామా కాపీతో కలిపి మీ దగ్గరే ఉంచుకోండి.