అలౌ నొక్కే ముందు

సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అవతలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం. ఈ దిక్కున చాలా ఇండ్లల్లో మాట్లాడేది తెలుగు. బడిలో మరాఠీ. అడవి పల్లెల్లో గోండి, మాడియా. ఇన్ని భాషలు తెలిసిన మనకు ఫోన్‌లో కొత్త ఆట తెరవంగనే ఎదురయ్యేది మాత్రం ఎక్కువగా ఒక ఇంగ్లీషు మాట: అలౌ. చదవకుండానే నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో మనం ఏమిచ్చినమో తెలుసుకోవడమే ఈ పాఠం.

1. ఆటకు కావాల్సింది, ఆట అడిగేది

ఈ రెండూ ఒకటి కావు. నలుగురు కలిసి లూడో ఆడాలంటే ఇంటర్నెట్ కావాలి, అంతే. జట్టుతో మాట్లాడుకుంటూ ఆడే ఆటకు మైక్ కావాలి, అదీ మాట్లాడేటప్పుడే. మరి కాంటాక్ట్స్ ఎందుకు? "మీ స్నేహితులను పిలవండి" అంటుంది. సరే అంటే మన ఫోన్‌లో ఉన్న అమ్మ నంబరు, మేనమామ నంబరు, టీచర్ నంబరు అన్నీ దాని చేతికి పోవచ్చు. వాళ్లను మనం అడిగినమా? లేదు. అంటే మనది కానిదాన్ని కూడా ఇచ్చేసినట్టే.

ఆట ఉచితమే కదా అంటారు. చాలా ఉచిత ఆటలకు డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది. ఏ వేళకు ఆడుతున్నాం, ఎంతసేపు ఆడుతున్నాం, ఏ ఫోన్ వాడుతున్నాం, ఏ ప్రకటన దగ్గర ఆగినం అన్న వివరాలు కూడితే మన గురించి ఒక చిట్టా తయారవుతుంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు కావాల్సింది ఆ చిట్టానే.

2. నది ఏ ఒడ్డున ఉన్నామో ఫోన్ చెప్తది

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. మహారాష్ట్రలో అప్పుడు అలాంటి నిషేధం లేదు. అందుకని రమ్మీ యాప్‌లు ముందు లొకేషన్ అడిగేవి. తెలంగాణ అని తేలితే ఆడనిచ్చేవి కావు, మహారాష్ట్ర అని తేలితే ఆడనిచ్చేవి. 2025 ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. రమ్మీ సంగతి అట్లుంచితే, మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మనం నోరు విప్పకుండానే మన ఊరు, మన ఒడ్డు అవతలివాళ్లకు తెలిసిపోతాయి. ఆరుబయట జీపీఎస్ మనం నిలబడ్డ చోటును కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలదు. అది జిల్లా పేరుతో ఆగదు, ఇంటి గడప దాకా వస్తది. బొమ్మలు కలిపే ఆటకు, పాము ఆటకు మన గడపతో ఏం పని?

3. "డైమండ్లు ఇస్తా, ఓటీపీ చెప్పు"

ఆటలో పరిచయమైనవాళ్లు చెడ్డవాళ్లే అని కాదు. కానీ పేరు, బొమ్మ, గొంతు, వయసు ఏదైనా మార్చుకోవచ్చు. ఎదుట ఉన్నది ఎవరో మనకు తెలియదు. ఉచితంగా డైమండ్లు, కొత్త డ్రెస్సులు ఇస్తామని లింకు పంపేవాళ్లకు కావాల్సింది మన పాస్‌వర్డ్ లేదా ఓటీపీ. ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్ ఉంటే, అదే నంబరుకు నాన్న బ్యాంకు ఖాతా కూడా ముడిపడి ఉంటే, పోయేది ఆట ఖాతా ఒక్కటే కాదు.

ఇది మన దగ్గరి బెడదే అనుకోవద్దు. 2022 డిసెంబరులో అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆట కంపెనీ ఎపిక్ గేమ్స్ మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. పిల్లలకు, టీనేజీవాళ్లకు అపరిచితులతో మాటలు, చాట్ మొదటి నుంచే తెరిచి ఉంచారన్నది దానిమీద వచ్చిన ఆరోపణల్లో ఒకటి.

4. చట్టం మనకిచ్చినవి

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా మనకుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల బాధ్యతల్లో చాలావాటికి 18 నెలల గడువు ఇచ్చారు.

తెలుగు చదువుకునే మనం ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటి ఆ చట్టంలో ఉంది. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది, మరాఠీ ఉంది. గోండి లేదు. మన పక్క బెంచీలో కూర్చున్న గోండి అమ్మాయికి ఆ నోటీసును అర్థమయ్యేటట్టు చెప్పే పని ప్రస్తుతానికి మనదే.

5. ఇయ్యాల్నే చేయగలిగినవి

• సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో పర్మిషన్స్ తెరవండి. ఆటకు అక్కరలేనివి తీసేయండి. లొకేషన్ తప్పదంటే "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకోండి.
• ఆటలో పేరుకు అసలు పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు కలపకండి. సొంత ఫోటో పెట్టకండి.
• ఆటకు ఒక పాస్‌వర్డ్, మెయిల్‌కు వేరే పాస్‌వర్డ్. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.
• తెలియనివాళ్ల చాట్ ఆపేయండి. ఆడడం మానేసిన ఆటలో ముందు ఖాతా తొలగించి, తర్వాత యాప్ తీసేయండి.

6. జరగరానిది జరిగితే

చాలామంది అమ్మాయిలు ఇంట్లో చెప్పరు. చెప్తే ఫోన్ గుంజుకుంటారు, చదువు మాన్పిస్తారు అని భయం. బెదిరించేవాడికి బలం ఆ భయమే. బెదిరింపు మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. స్త్రీలు, పిల్లల మీద జరిగే కొన్ని రకాల సైబర్ నేరాలను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా తెలపవచ్చు. "అది నది అవతలి స్టేషన్‌కు పోయి చెప్పుకో" అంటే వెనుదిరగకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. సరిహద్దులో బతికేవాళ్లకు ఇది చాలా అక్కరకొచ్చే మాట.

అభ్యాసం

1. మీ ఫోన్‌లో ఉన్న ఒక ఆట ఏమేం అడిగిందో రాయండి. ప్రతిదాని పక్కన "ఇది లేకుండా ఆట సాగదా?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి.
2. ఆ ఆట పర్మిషన్ వాక్యాలను మీ అమ్మకు అర్థమయ్యే తెలుగులోకి మార్చండి. గోండి, మాడియా వచ్చినవాళ్లు ఆ భాషలోనూ చెప్పి చూడండి.
3. అవి విన్నాక అమ్మ "సరే" అంటుందా? ఎందుకు?