మహేంద్రగిరి ఎక్కబోయే ముందు



శివరాత్రికి స్నేహితులతో మహేంద్రగిరి వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం తల్లీ. అయితే జాతర జనంలో దేవుడి దర్శనం దొరుకుతుంది గానీ కొండ దర్శనం దొరకదు. కొండ కోసం మరోసారి, వానలు వెలిశాక వెళ్లు.

దాని ఎత్తు 1,501 మీటర్లు. కోరాపుట్ దగ్గరి దేవమాలి ఇంతకంటే పొడవు, 1,672. అయినా మందస నుంచి చూస్తే మహేంద్రగిరిని మించిన కొండ లేదనిపిస్తుంది. దేవమాలి పీఠభూమి మీద నిలబడింది. ఇదేమో సముద్రానికి దగ్గరలో, మన పల్లపు పొలాల అంచునే లేచింది. తమిళనాడులో ఇస్రో రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి వేరు, కలిపెయ్యకు.

శిఖరం మీద భీముడి గుడి చిన్నదే, కానీ ఆ రాళ్ల పరిమాణం చూడు. కిందికి ధర్మరాజు గుడి, కుంతి గుడి ఉన్నాయి. రాజేంద్ర చోళుడి శాసనం సంస్కృతంలోను, తమిళంలోను ఉంది. ఆ అక్షరాల మీద చెయ్యి వెయ్యకు.

నువ్వు తప్పక గమనించాల్సింది నీళ్లు. ఈ కొండల్లో పుట్టి మహేంద్రతనయ అనే పేరుతోనే రెండు ఏర్లు పారుతున్నాయి. ఒకే తండ్రి, ఒకే పేరున్న ఇద్దరు కూతుళ్లు. ఒకతె సోంపేట వైపు దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది పర్లాకిమిడిని ఒరుసుకుంటూ వెళ్లి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. ఆ వంశధార ఒడ్డునే ముఖలింగం ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనంటారు. ఆ రాజులు తమ శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణస్వామిని తలుచుకున్నారు. వాళ్ల ఊరి పక్కన పారిన నీళ్లలో ఆ కొండ నీళ్లూ ఉన్నాయని తెలిశాక, ఆ భక్తి నాకు ఇంకాస్త అర్థమైంది.

అందుకే పైకెక్కాక ఫోటోల కంటే ముందు నోటుపుస్తకం తియ్యి. ఏ లోయ ఎటు దిగుతోందో గీతలు గియ్యి. సవర పల్లెల్లో పెద్దవాళ్లు కనిపిస్తే వాగుల పేర్లు అడుగు, వాళ్లు పలికినట్టే రాసుకో. ప్లాస్టిక్ ఒక్కటీ పైన వదలకు, అదీ ఏదో ఒక తనయ ఒడిలోకే దిగుతుంది.

తెల్లవారకముందే శిఖరం మీద ఉండు. ఆకాశం తేటగా ఉంటే తూర్పున సముద్రం కనిపిస్తుందట. నేను వెళ్లిన రెండుసార్లూ మబ్బే. నీకు కనిపిస్తే, ఏ రంగులో ఉందో ఆ రోజే నాకు రాయి.

మీ మావయ్య