రక్తనాళం ఉబ్బితే: ఎన్యూరిజం



గుండె నుండి శరీరానికి రక్తాన్ని తీసుకుపోయే నాళాలు ధమనులు అని సైన్సులో చదువుకున్నాము. ధమని గోడ ఒకచోట బలహీనమైతే, రక్తం ఒత్తిడికి అక్కడ ఉబ్బుతుంది. దీనినే ఎన్యూరిజం అంటారు. పాత సైకిల్ ట్యూబుకు గాలి కొడితే ఒక్క దగ్గర బుగ్గలెక్క లేస్తది కదా, అట్లనే.

రకాలు:
1. సంచి రకం – ఒక పక్కకు కాయలాగ ఉబ్బుతుంది. మెదడులో ఇదే ఎక్కువ.
2. కండె రకం – నాళం చుట్టూ ఉబ్బుతుంది. పొట్టలోని బృహద్ధమనిలో ఇది ఎక్కువ.

కారణాలు: బీపీ, బీడీ, సిగరెట్, ముసలితనం. కొన్ని ఇండ్లలో వంశంలో కూడా వస్తుంది.

గుర్తించడం: పగలక ముందు చాలామందికి ఏ నొప్పీ ఉండదు. వేరే జబ్బుకు స్కానింగ్ తీస్తే బయటపడుతుంది. పొట్టలోది అల్ట్రాసౌండులో, మెదడులోది సీటీ, ఎంఆర్ఐ యాంజియోగ్రాంలలో కనబడుతుంది. పొట్టలో బృహద్ధమని మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 3 సెం.మీ. అయితే ఎన్యూరిజం అంటారు.

చికిత్స: చిన్నదైతే బీపీ తగ్గించి, అప్పుడప్పుడు స్కానింగ్ తీసి చూస్తారు. పొట్టలోది మగవాళ్ళకు 5.5 సెం.మీ. అయితే ఆపరేషన్ చేసి లోపల కృత్రిమ గొట్టం పెడతారు. మెదడులోని ఉబ్బు మెడకు క్లిప్పు వేస్తారు. 1937లో అమెరికాలో డాక్టర్ వాల్టర్ డాండీ ఇట్లా క్లిప్పు వేశారు. ఇప్పుడు తొడ దగ్గరి నాళం నుండి సన్నని గొట్టం పంపి, ఉబ్బులో ప్లాటినం తీగచుట్టలు నింపే పద్ధతి కూడా ఉంది.

శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌కు కూడా పొట్టలో ఈ జబ్బు వచ్చింది. 1948లో డాక్టర్ నిస్సెన్ ఆ ఉబ్బుకు సెల్లోఫేన్ చుట్టారు. తర్వాత ఆరేండ్లకు పైగా బతికారు. 1955లో అది పగిలి చనిపోయారు.

మా తండాలో తాతలు బీడీలు బాగా తాగుతరు. మా తాతకు బీపీ ఉంది. "తలనొప్పి లేదు గదా, గోళీ ఎందుకే" అంటడు. నొప్పి లేకున్నా బీపీ లోపల నాళాన్ని నెట్టుతనే ఉంటది. అందుకే గోళీ రోజూ వేసుకోవాలి.

ప్రమాద గుర్తులు: ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్కసారే రావడం, వాంతులు, మెడ బిగుసుకోవడం, కనురెప్ప వాలిపోవడం, సోయి తప్పడం. పొట్టలోది పగిలితే పొట్టలో, నడుములో భరించలేని నొప్పి, చల్లని చెమటలు వస్తాయి.

అప్పుడు గాలి సోకిందని మంత్రం వేయించుకుంటూ కూర్చోవద్దు. తెల్లారినాక చూద్దామని ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, పైసలు అడగరు. మన చిట్యాల హైదరాబాద్ రోడ్డు మీదనే ఉంది. సెలవులకు పోయినప్పుడు ఈ సంగతి ఇంట్లో చెప్పండి. చదువు రాని మనవాళ్ళకు మనమే చదివి చెప్పాలి.