పాత బండి కార్బొరేటర్: గుర్తుపట్టండి, లోడుకు తగ్గట్టు సర్దుకోండి

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో వేళ మించితే ధర పడిపోతుంది. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి బంతి, చామంతి మూటలు కట్టుకుని తెల్లారకముందే బయలుదేరే చిన్న రైతుల్లో పాత మోపెడ్, స్కూటర్, ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లు నడిపేవారు ఇంకా ఉన్నారు. లోడు పడితే బండి గుంజదు, ఎత్తు దగ్గర ఆగిపోతుంది. "పెద్ద కార్బొరేటర్ వేయించు, దూసుకుపోతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట నమ్మి డబ్బు పోసే ముందు ఈ నాలుగు విషయాలు తెలుసుకోవాలి.

పెద్ద గొంతు ఎందుకు పనికిరాదు?

ఇంజన్ పీల్చే గాలి కార్బొరేటర్ గొంతులో జోరుగా పోతేనే జెట్ నుంచి పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. అదే మోటారుకు లావు పైపు వేస్తే నీటి జోరు తగ్గినట్టే, గొంతు పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి జోరు తగ్గుతుంది. పెట్రోలు సరిగా లేవదు. పెద్ద గొంతు పందెం బండికి పనికొస్తుంది. మూటలేసుకుని రెండో గేరులో ఎత్తెక్కే బండికి కంపెనీ ఇచ్చిన కొలతే మేలు.

పాతది కొనేటప్పుడు గుర్తుపట్టడం

జుమ్మెరాత్ బజార్లోనో, పాత సామాన్ల దుకాణంలోనో కొనేవారు ఇవి చూడాలి.

1. పేరు: బాడీ మీద పోతపోసిన పేరు చూడండి. బజాజ్ చేతక్ లాంటి స్కూటర్లలో స్పాకో, ఆర్‌ఎక్స్ 100లో మికుని కనిపిస్తాయి.

2. గొంతు కొలత: ఇంజన్ వైపు రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలవండి. 98 సీసీ ఆర్‌ఎక్స్ 100కు మికుని వీఎం 20 రకం వచ్చేది. అందులో 20 అంటే గొంతు 20 మిల్లీమీటర్లు.

3. బిగింపు: రెండు బోల్టులతో బిగించేదా, రబ్బరు గొట్టంలో దూర్చి క్లాంపు వేసేదా? బోల్టుల మధ్య దూరం కొలవండి. అతుకు దగ్గర గాలి లీకైతే ఎన్ని జెట్లు మార్చినా లాభం లేదు.

4. జెట్ నంబరు: ఒకే కంపెనీ, ఒకే రకం జెట్లలో నంబరు పెరిగితే పెట్రోలు ఎక్కువ పోతుంది. ఒక కంపెనీ నంబరును ఇంకో కంపెనీ నంబరుతో పోల్చకూడదు.

లోపలి స్లైడ్ అరిగి అటూ ఇటూ ఊగుతుంటే ఆ కార్బొరేటర్ ఎంత చవకైనా వద్దు.

సర్దుకునే పద్ధతి

ముందు ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మసి, ప్లగ్గు శుభ్రం చేసుకోవాలి. జెట్లను పెట్రోలుతో కడిగి, సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. ఇనుప తీగతో పొడవరాదు, రంధ్రం పెద్దదవుతుంది.

బండి ఎక్కడ ఇబ్బంది పెడుతుందో దాన్నిబట్టి సరిచేయాలి. ఐడిలింగ్ నిలవకపోతే పైలట్ జెట్, గాలి స్క్రూ చూడాలి. సగం రేసులో గుంజకపోతే సూది చూడాలి. సూది మీద గాట్లుంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది, పైకి పెడితే తగ్గుతుంది. పూర్తి రేసులో తేడా ఉంటే మెయిన్ జెట్ ఒక్క మెట్టు మార్చి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే తప్పెక్కడుందో దొరకదు.

మార్చాక మామూలుగా వేసే లోడుతోనే కొంతదూరం నడిపి, ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పండి. ఇటుక రంగులో ఉంటే సరిపోయింది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ.

తెల్ల ప్లగ్గుతో జాగ్రత్త

మైలేజీ కోసం పెట్రోలు బాగా తగ్గించడం ప్రమాదం. పెట్రోల్లోనే ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు రీబోరు ఖర్చు తప్పదు, మార్కెట్టూ పోతుంది.

ఇప్పుడు ఇంకో సంగతి ఉంది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతా వచ్చింది. దీనితో పాత జెట్ల మీద నడిచే ఇంజన్‌కు మిశ్రమం కొంత పలుచబడుతుంది. పాత రబ్బరు వాషర్లు, పైపులు ఉబ్బి చెడిపోవచ్చు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కనుక బండి చాలారోజులు నిలిపేటప్పుడు ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు దించేయాలి.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి అదే మోడల్ కార్బొరేటర్ వేసుకుని, సర్దుబాటు అయ్యాక పొల్యూషన్ పరీక్ష చేయించుకోవాలి. 2020 తర్వాత వచ్చిన టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100లో కార్బొరేటర్ ఉండదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. దానికి ఈ పద్ధతి వర్తించదు.

పూల సీజన్ మొదలవక ముందే, పని లేని రోజు చూసుకుని ఈ పరీక్షలు చేసుకోండి. మూటలు కట్టాక బండి విప్పితే పూలు ఆగవు.