‘తడిసిన’ వేరు, ‘ముక్కిన’ వేరు

నేలకొండపల్లి చుట్టుపక్కల రైతులు ఖమ్మం యార్డుకు సరుకు తోలినప్పుడు వినడానికి భయపడే మాట ‘ముక్కిన’. వడ్లయినా, పప్పులైనా, మిరపకాయయినా ఈ విశేషణం తగిలిందంటే ధర దిగినట్లే. కనుక దాని అర్థం కచ్చితంగా తెలిసి వుండాలి.

చెమ్మతో, గాలాడక నిలవ వున్న సరుకుకు బూజు సోకి పట్టేది ముక్క వాసన. ఆ వాసన పట్టినదే ముక్కిన సరుకు. పురుగు తొలిస్తే పుచ్చినది. మెత్తబడి నీరుకారితే కుళ్లినది. మిరపలో రంగు వెలిసిన కాయ తాలు, దానికి వాసనతో పని లేదు. ‘పులిసిన’ అనే మాట మరీ తమాషా అయినది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిస్తే ఎవరూ తప్పుపట్టరు. వానాకాలంలో చెమ్మగిలిన బెల్లం పులిస్తే మాత్రం కొనేవాడుండడు. బియ్యానికి ‘పాత’ మెప్పు, ‘ముక్కిన’ నింద. రెండూ నిలవ ఫలితాలే!

అసలు తకరారు ‘తడిసిన’, ‘ముక్కిన’ మాటల మధ్య వస్తుంది. వానకు తడిసిన వడ్లను వెంటనే పలుచగా ఆరబోస్తే తేమ దిగుతుంది. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం వరకు తేమను అనుమతిస్తారు. దాన్ని మీటరు చూపుతుంది. ముక్క వాసనకు మాత్రం కొనేవాడి ముక్కే మీటరు. అందుకే కేవలం తడిసిన బస్తాను కూడా ‘ముక్కింది’ అనేసి తరుగు అడగడం కద్దు.

ద్రాక్ష సారాయి విషయంలోనూ ఇదే తంటా. సీసా బిరడా నుంచి బూజు వాసన పట్టినదాన్ని ఇంగ్లీషువారు ‘కార్క్‌డ్’ అంటారు. వెనిగరులా పులిసినదాన్నీ కొందరు ఆ మాటతోనే తిడతారు. ఆ వాసనకు మూలం ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థమని స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు 1980ల మొదట్లో తేల్చారు. అది గోనెసంచుల్లోనూ కనిపించింది. అంటే గింజ మంచిదైనా పాత సంచి దాన్ని చెడగొట్టవచ్చు.

కనుక బేరంలో మాట వచ్చినప్పుడు బస్తా నడుమ నుంచి గుప్పెడు తీయించి, చాటలో పోసి, కాసేపు గాలికి వుంచి అందరి ఎదుటా మళ్లీ వాసన చూపించాలి. ఉత్త చెమ్మ వాసన తగ్గుతుంది, ముక్క వాసన అంత తేలిగ్గా వదలదు. నిజంగా ముక్కినదైతే మంచి సరుకులో కలపరాదు. మిరపలో, వేరుశనగలో కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఎండబెట్టినంత మాత్రాన అది పోదు. తరుగు తప్పనప్పుడు తక్‌పట్టీ మీద కారణం ‘తేమ’ అనో, ‘వాసన’ అనో విడిగా రాయించుకోవాలి.